పాత్రధారణ క్రీడలలో సంభాషణ రచన: దౌర్బల్యమునకు మూలమెయ్యది?

నాటకమునకు సంభాషణము ప్రాణమను మాట మన సాహిత్యవిమర్శలో క్రొత్తది కాదు. నవలయందును, కథానికయందును, చలనచిత్రమునందును సంభాషణ మెట్లుండవలెనను చర్చయు మనకు పరిచితమే. అయితే గత యేబది సంవత్సరములలో పుట్టి పెరిగిన వేరొక రూపకప్రక్రియ కలదు. అది కంప్యూటరు తెరపై నాడబడు పాత్రధారణ క్రీడ. నేడు మన తరగతులలో కూర్చుండు విద్యార్థులలో కొందరు నాటకశాలకు పోయి విన్న మాటలకంటె ఈ క్రీడలలో విన్న మాటలే యెక్కువయై యుండును. కావున ఈ ప్రక్రియయందలి సంభాషణ రచనను సాహిత్యదృష్టితో పరిశీలించుట మన శాఖలకు తగని పని కాదు.

పాత్రధారణ క్రీడ యనగా, ఆటగాడు ఒక కల్పితవ్యక్తి పాత్రను దాల్చి, కల్పితలోకమున సంచరించుచు, అచ్చటి జనులతో మాటలాడుచు, పోరాటములు చేయుచు, తన నిర్ణయములచే కథను ముందునకు నడుపుకొను క్రీడ. చిత్రములు, సంగీతము, యుద్ధవిధానములు దశాబ్ద దశాబ్దమునకును వృద్ధి పొందినవి. సంభాషణము మాత్రము పేలవముగ నున్నదను ఫిర్యాదు నాటినుండి నేటివరకు వినబడుచునే యున్నది. ఊరిలోని ప్రతివాడును సమాచారపత్రము చదివినట్లు మాటలాడుననియు, ఎవని నోట విన్నను పలుకు ఒక్కటే యనియు, ఆటగాడు ఏమి బదులు చెప్పినను ఫలితము మారదనియు ఆ ఫిర్యాదుల సారాంశము.

దీనికి సాధారణముగ రెండు కారణములు చెప్పుదురు. ఒకటి, యంత్రముల స్మృతిశక్తి చాలకపోవుట. రెండవది, రచయితల యసమర్థత. ఈ రెండును కొంతవరకు నిజములే. కాని చరిత్రను వరుసగ పరిశీలించినచో ఇవి మూలకారణములు కావని తోచును. మాటలాడు పాత్రకు తా నెవరితో మాటలాడుచున్నదో తెలియకపోవుటయే ఈ దౌర్బల్యమునకు మూలమని నా యభిప్రాయము. దానిని నిరూపించుటకే ఈ ప్రయత్నము.

1. యంత్రము మాటలాడ నేర్చిన విధము

యంత్రముతో మనుష్యుడు మాటలాడుట ఈ క్రీడలకంటె ప్రాచీనము. 1966 లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఆచార్యుడైన జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' యను కార్యక్రమమును ప్రకటించెను. అందు ప్రసిద్ధికెక్కిన భాగము మనోవైద్యుని యనుకరణము. రోగి తన తల్లిని గూర్చి యేదేని చెప్పినచో, ఆ మాటనే త్రిప్పి ప్రశ్నగ నడుగుట దాని పద్ధతి. దానికి లోకజ్ఞాన మేమియు లేదు. అయినను చూచినవారిలో పెక్కుమంది దానితో నిజమైన సంభాషణము జరుగుచున్నట్లే భావించిరి. వైజెన్‌బామ్ ఈ వైద్యుని పాత్రను బుద్ధిపూర్వకముగనే యెన్నుకొనెను. మనోవైద్యుడు రోగితో మాటలాడునపుడు తనకు లోకమును గూర్చి యేమియు తెలియనట్లు ప్రవర్తించినను అసహజముగ తోచదని ఆయన వివరించెను.

ఈ వివరణము మనకు ముఖ్యమైనది. ఎలైజాకు మాటలు కొద్ది, తెలివి శూన్యము. ఐనను సంభాషణము నిలిచినది. ఏలయన, ఎవరు వైద్యుడో, ఎవరు రోగియో, ఎవ రడుగవలెనో, ఎవరు చెప్పవలెనో ముందుగనే నిర్ణయమై యున్నది. సంబంధము స్థిరపడిన చోట కొద్దిమాటలును బలముగ పలికినవి.

రెండవ మూలము బల్లచుట్టు కూర్చుండి యాడెడి క్రీడ. 1974 లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడను ప్రకటించిరి. అందు ఒక నిర్వాహకు డుండును. ఆటగాడు పానశాలకు పోయి దాని యజమానిని పలుకరించినచో, నిర్వాహకుడే ఆ యజమానియై బదులు చెప్పును. నిర్వాహకునకు ఎదుట కూర్చున్నవా డెవడో తెలియును. వాని పాత్ర నిన్న చేసిన పనియు తెలియును. కావున ఆ బదులు ఎంత మోటుగ నున్నను, ఆ వ్యక్తి కుద్దేశింపబడిన మాటయే యగును. కంప్యూటరు ఈ క్రీడను స్వీకరించినపుడు లెక్కలన్నింటిని చక్కగ స్వీకరించెను. పాచికలు వేసెను, గాయములు లెక్కించెను. నిర్వాహకుని మాత్రము తొలగించెను. ఆతనితోపాటు ఎదుటివాని నెరిగి మాటలాడు శక్తియు తొలగిపోయెను.

2. కీలకపదములును, అచ్చుపుస్తకములును

తొలినాటి కంప్యూటరు క్రీడలలో సంభాషణమునకు ప్రత్యేకస్థాన మిచ్చిన వానిలో రిచర్డ్ గ్యారియట్ రచించిన 'అల్టిమా 4' ముఖ్యమైనది. ఇది 1985 లో వెలువడెను. ఇందు ఆటగాడు ఊరి ప్రజలను సమీపించి ఒక పదమును టైపు చేయవలెను. పేరు, వృత్తి, ఆరోగ్యము అను మాటలకు ప్రతివారును బదులు చెప్పుదురు. ఇవిగాక ఒక్కొక్కరికి రెండేసి విశేషపదములు గలవు. వారి మాటలను శ్రద్ధగ చదివి ఆ పదములను కనిపెట్టవలెను. కొందరు తామే ప్రశ్న వేయుదురు. అట్టి ప్రశ్నలకు గర్వముతో బదులు చెప్పినచో ఆటగాని వినయగుణము తగ్గును. ఈ క్రీడయందు సత్యము, దయ, శౌర్యము, న్యాయము మొదలుగా ఎనిమిది సద్గుణములను సాధించుటయే లక్ష్యము గనుక, ఆ తగ్గుదల సామాన్యమైనది కాదు.

సాంకేతికముగ జూచిన ఇది అతిదరిద్రమైన సంభాషణము. ఒక్కొక్క వ్యక్తికి కొన్ని వాక్యములే గలవు. కాని ఆ ప్రశ్నవేయు ఘట్టములు నేటికిని పాత ఆటగాండ్ర జ్ఞాపకమున నున్నవి. అచ్చట మాట తగులుటకు ఒకడు ఉన్నాడు. తగిలినందుకు ఒక ఫలితమున్నది.

మరుసటి సంవత్సరము, అనగా 1986 లో, జపానునందు యూజి హోరి రూపకల్పనము చేసిన 'డ్రాగన్ క్వెస్ట్' వెలువడెను. పాశ్చాత్యక్రీడలగు 'విజార్డ్రీ', 'అల్టిమా'లచే ప్రభావితుడై, వానిని చిన్నపిల్లలును ఆడగలుగునట్లు హోరి సరళీకరించెను. క్రీడ యంతయు 64 కిలోబైట్ల పెట్టెలో నిమిడినది. నాయకుడు మాటలాడడు. ఊరిలో నొక్కొక్కరు సాధారణముగ ఒకటి రెండు వాక్యములు పలుకుదురు. ఇట్టి యల్పపరిమాణములోనే సంభాషణ దౌర్బల్యమును, బలమును ప్రక్కప్రక్కన చూపు రెండు ఘట్టములు గలవు.

మొదటి ఘట్టమున రాకుమార్తె తనను వెంట గొనిపొమ్మని నాయకుని కోరును. ఆటగాడు అవుననవచ్చును, కాదనవచ్చును. కాదన్నచో ఆమె మరల నదే ప్రశ్న నడుగును. అవునను దాక అడుగుచునే యుండును. ఇది ప్రశ్నరూపముననున్న యాజ్ఞ. రెండవ ఘట్టమున, కథాంతమున, శత్రువైన డ్రాగన్ రాజు తనతో చేతులు కలిపినచో లోకమున సగమిత్తునని నాయకునకు ఆశ చూపును. అచ్చట అవునన్నచో నాయకుని ప్రయాణము వ్యర్థమై క్రీడ యంతటితో ముగియును. రెండు ప్రశ్నలకును వెచ్చించిన స్మృతి యించుమించు సమానమే. ఒకదానియందు వినువాని మాటకు విలువ లేదు; రెండవదానియందు కలదు. పరిమాణమునకును గుణమునకును ముడిపెట్టరాదనుటకు ఇంతకంటె సులభమైన నిదర్శనము దొరకదు.

స్మృతి చాలకపోవుటచే కలిగిన మరియొక విచిత్రపద్ధతి 1988 నాటి 'వేస్ట్‌లాండ్' క్రీడలో కానవచ్చును. దీర్ఘమైన వర్ణనలకును, సంభాషణములకును డిస్కులో చోటు లేక, వానిని ప్రత్యేకముగ చిన్న పుస్తకమున నచ్చువేసిరి. క్రీడ నడుచుచుండగా ఫలానా సంఖ్యగల పరిచ్ఛేదమును చదువుమని తెరపై సూచన వచ్చును. ముందుగనే పుస్తకము చదువువారిని మోసగించుటకై కథకు సంబంధములేని పరిచ్ఛేదములను గూడ అందు చేర్చిరి. ఆ సంవత్సరముననే వచ్చిన 'పూల్ ఆఫ్ రేడియన్స్' క్రీడయు ఇట్టి పుస్తకమునే యాశ్రయించెను. ఆ క్రీడలో ఎదుటివారితో సంధిమాటలాడునపుడు మాటలకు బదులు ధోరణిని ఎన్నుకొనవలెను: అహంకారము, కపటము, మంచితనము, అణకువ, దూషణము అని యైదు ధోరణులు. వాక్యము లేకయే వాక్కును సూచించిన యీ పద్ధతి లక్షణగ్రంథములు చదివినవారికి ఆసక్తి గొల్పును. మాట యనగా సమాచారము మాత్రమే కాదనియు, అది యొకరు వేరొకరిపట్ల వహించు వైఖరియనియు దాని నిర్మాతలు గుర్తించిరి.

3. భాషాంతరమున జరిగిన నష్టము

జపాను క్రీడలు అమెరికాకు చేరినపుడు వేరొక విధమైన నష్టము కలిగెను. 'డ్రాగన్ క్వెస్ట్' 1989 లో 'డ్రాగన్ వారియర్' అను పేర ఆంగ్లమున వెలువడెను. మూలమున సాదాగ నున్న మాటలను అనువాదకులు పదునారవ శతాబ్దపు ఆంగ్లమును తలపించు ప్రాచీనశైలిలో వ్రాసిరి. రాజునకును, అంగడివానికిని, కాపలాదారునకును నొకే ప్రాచీనత. ఆ శైలి క్రీడకు ఒక శోభ నిచ్చినదని మెచ్చుకొన్నవారును గలరు. కాని పాత్రభేదమును అది చెరిపివేసినది.

1997 నాటి 'ఫైనల్ ఫ్యాంటసీ 7' ఆంగ్లానువాదమున నాయిక నోట ఏకవచన కర్తకు బహువచన క్రియ వచ్చిన వాక్య మొకటి నేటికిని హాస్యప్రసంగములకు విషయమగుచున్నది. వ్యాకరణదోషము ఎల్లరకు కనబడును. కనబడని నష్టము వేరొకటి. జపాను భాషలో 'నేను' అనుటకు వతషి, బొకు, ఒరె మొదలైన పదములు పెక్కు గలవు. పలుకువాడు మర్యాదస్థుడో, బాలుడో, మొరటువాడో ఆ యొక్కమాటచే తెలిసిపోవును. ఆంగ్లమున ఇవన్నియు నొక్కటే యక్షరమగును. మూలమున సంబంధమును మోయుచున్న పదములు రాలిపోగా, సమాచారము మాత్రము మిగిలినది. అనువాదములు పేలవముగ నున్నవని ఆంగ్లపాఠకులు పలికిన ఫిర్యాదునకు ఇదియు నొక హేతువని చెప్పవచ్చును.

4. సంభాషణ వృక్షము

1990 ప్రాంతములనుండి కీలకపదములకు బదులు సిద్ధవాక్యములు వాడుకలోనికి వచ్చినవి. పాత్ర ఒక మాట పలికిన పిమ్మట, ఆటగాని ముందు మూడు నాలుగు బదుళ్లు కనబడును; వానిలో నొకటి యెన్నుకొనవలెను. దాని నుండి మరల కొమ్మలు చీలును గనుక దీనిని సంభాషణ వృక్షమందురు.

ఈ వృక్షమునందే రచయితకు కష్టము దాగి యున్నది. ప్రతి మలుపునను రెండేసి మార్గములున్నచో పది మలుపులకు 1,024 మార్గములగును. ఇన్నింటిని వేరువేరుగ వ్రాయుట యెవరికిని శక్యము కాదు. కావున రచయిత కొమ్మలను మరల దెచ్చి ఒక్కచోట కలుపును. కలిసిన చోట పలుకబడు వాక్యము, ఏ కొమ్మ వెంట వచ్చినవానికైనను సరిపోవలెను. దయతో మాటలాడినవానికిని, తిట్టినవానికిని, మోసగించినవానికిని ఒకే వాక్యము. అందరికిని సరిపోవు వాక్యము ఏ యొక్కరిని ఉద్దేశించినది కాజాలదు. సంభాషణము నిర్జీవమగుట కిది ప్రధానద్వారము. రచయిత యెంతటి నిపుణుడైనను, ఎదుటివాని గతమును మరచి వాక్యము వ్రాయుమని నిర్బంధించినచో, ఆతని నిపుణత నిరుపయోగమగును.

ఈ చిక్కును తప్పించుకొనిన క్రీడలు లేకపోలేదు. 1997 లో ఇంటర్‌ప్లే సంస్థనుండి టిమ్ కెయిన్ మున్నగువారి కృషిచే 'ఫాలౌట్' వెలువడెను. అందు ఆటగాడు తన పాత్రకు బుద్ధి, బలము, వాక్చాతుర్యము మొదలైన గుణములకు అంకెల నిచ్చుకొనును. బుద్ధికి 10 లో 4 కంటె తక్కువ యిచ్చినచో, ఆ పాత్ర సరిగ మాటలాడలేదు; మూలుగులు, ముక్కలైన పదములు మాత్రమే బదుళ్లుగ కనబడును. ఎదుటివారును అందుకు తగినట్లే జాలిపడుదురు, విసుగుకొందురు. ఎవరితో మాటలాడుచున్నామో ఎదుటి పాత్రలకు తెలిసినది.

1999 లో బ్లాక్ ఐల్ స్టూడియోస్ వెలువరించిన 'ప్లేన్‌స్కేప్: టార్మెంట్' ఇంకను ముందునకు పోయినది. క్రిస్ ఆవెలోన్ దీని ప్రధాన రూపకర్త. సుమారు 8 లక్షల పదముల గ్రంథమని దీనిని గూర్చి చెప్పుదురు. నాయకుడు శవాగారమున మేల్కొనును. తా నెవడో తనకు జ్ఞాపకము లేదు. ఆతడు అనేకమారులు మరణించి మరల లేచినవాడు. మరచినది ఆతడే గాని లోకము మరువలేదు. తారసపడువారు ఆతని పూర్వజన్మలచే ప్రేమింపబడినవారు, వంచింపబడినవారు, బానిసలుగ చేయబడినవారు. ఒక్కొక్కరి మాటలో ఆతనిపట్ల ఒక్కొక్క బాకీ వినబడును.

ఆటగాని యజ్ఞానమును నాయకుని యజ్ఞానముగ మార్చుటచే, రచయితలకు ఆటగా డెవడో తెలిసివచ్చెను. అంతేకాక, కొన్ని చోట్ల ఒకే వాక్యము రెండుమారులు కనబడును: ఒకటి నిజముగ చెప్పుటకు, మరియొకటి అబద్ధముగ చెప్పుటకు. ఎదుటివానికి వినబడు మాట యొక్కటే, పలుకువాని యుద్దేశము వేరు. ఆ భేదమును క్రీడ లెక్కించును. ఈ క్రీడకు కీర్తి దాని విస్తృతి వలన వచ్చినదని కొంద రందురు. విస్తృతిచే విసిగినవారును గలరు. పోరాటముల విషయమున నిది బలహీనమని దాని యభిమానులే యొప్పుకొందురు. సంభాషణమున కబ్బిన బలము మాత్రము సంబంధముల స్పష్టత వలన వచ్చినదే.

5. కంఠస్వరము వచ్చిన పిమ్మట

ఇరువదియొకటవ శతాబ్దారంభమున నటుల కంఠస్వరము క్రీడలలో సర్వసామాన్యమగుచు వచ్చెను. బెథెస్డా సంస్థవారి 'మారోవిండ్' (2002) క్రీడలో సంభాషణ మించుమించుగ అంతయు చదువుకొనునదే. ఒక విషయమును గూర్చి ఊరిలో ఎందరి నడిగినను పెక్కుచోట్ల అక్షరాల అదే బదులు. నాలుగేండ్లకు వచ్చిన 'ఆబ్లివియన్' (2006) క్రీడలో పలుకులన్నియు వినబడునట్లు చేసిరి. ప్రసిద్ధనటుడు పాట్రిక్ స్టూవర్ట్ చక్రవర్తి పాత్రకు స్వరమిచ్చెను. ఆ చక్రవర్తి కథారంభముననే మరణించును. తక్కిన వందలకొలది ప్రజలకు కొలదిమంది నటులే స్వరములు పంచిరి. బిచ్చగాడొకడు దీనస్వరముతో యాచించి, వెనువెంటనే వదంతులను గూర్చి యడిగినచో, ఆరోగ్యవంతమైన వేరొక కంఠముతో బదులు చెప్పును. చదువునపుడు దాగియున్న దోషము వినునపుడు బయటపడెను. సంభాషణమునకు ముందు ఎదుటివానిని మంచి చేసికొనుటకు పొగడ్త, పరిహాసము, గొప్పలు, బెదిరింపు అను నాలుగు భాగముల చక్రమును త్రిప్పవలెను. నాలుగింటిని తప్పక ప్రయోగింపవలెను. ఒకే నిమిషములో పొగడి, బెదిరించి, నవ్వించినవానిని ఆ పాత్ర మిత్రునిగ స్వీకరించును.

కంఠస్వరము రచయితకు వేరొక సంకెల వేసినది. ఒకమారు ధ్వనిముద్రణము జరిగిన పిమ్మట వాక్యమును సవరించుట వ్యయసాధ్యము. ఆటగాడు తన పాత్రకు పెట్టుకొన్న పేరును నటుడు పలుకజాలడు. అందుచే నాయకుని బిరుదుతోనో, ఇంటిపేరుతోనో పిలుచుట యాచారమైనది. బయోవేర్ సంస్థవారి 'మాస్ ఎఫెక్ట్' (2007) లో మొదటిపేరు ఆటగాని యిష్టము. ఇంటిపేరు మాత్రము అందరికిని షెపర్డ్. నాయకునకును స్వరమిచ్చిన ఆ క్రీడలో, ఎన్నుకొనవలసిన బదుళ్లు పూర్తివాక్యములుగ గాక, చక్రాకారమున సంక్షిప్తముగ చూపబడును. సాధారణముగ పైభాగమున సౌమ్యమైన బదులు, క్రిందిభాగమున కఠినమైన బదులు. మాటను చదువకయే స్థానమును బట్టి యెన్నుకొనుట ఆటగాండ్ర కలవాటైనది.

2011 నాటి 'స్కైరిమ్' క్రీడలో రెండు పలుకులు లోకప్రసిద్ధములు. తానును ఒకప్పుడు సాహసయాత్రికుడనే యనియు, మోకాలికి బాణము తగులుటచే మానుకొంటిననియు కాపలాదారు డొకడు చెప్పును. ఒక్కని నోట విన్నచో అది చిన్న జీవితకథ. కాని ఆ మాటనే నగరనగరమున కాపలాదారులు పలుకుటచే అది పరిహాసాస్పదమైనది. వాక్యము చెడ్డది కాదు. పలికినవాడు ఒకడు కాకపోయెను. రెండవది వైట్‌రన్ నగరమున నొక ధనికుని మాట. నగరమున ఉన్నతభాగమునకు తరచు పోవుదువా యని నాయకుని నడిగి, నీవంటివాడు పోడులెమ్మని తానే యీసడించును. నాయకుడు ఆ నగరాధిపతిచే గౌరవపదవి నొందిన పిమ్మటను ఈ మాట మారదు. ధనికుని గర్వము చక్కగ చిత్రింపబడినది. ఎదుటివా డెవడో మాత్రము ఆతనికి తెలియదు.

'ఫాలౌట్ 4' (2015) లో నాయకునకు కంఠస్వరమిచ్చి, బదుళ్లను నాలుగింటికి పరిమితము చేసిరి. ఆ క్రీడలో కాడ్స్‌వర్త్ అను యంత్రసేవకుడు ఆటగాని పేరును పలుకుటకై సుమారు 1,000 పేర్లను ధ్వనిముద్రణము చేసిరి. ఆ శ్రమ మెచ్చదగినదే. కాని పేరు పలుకుటయు, మనిషి నెరుగుటయు నొకటి కాదు. సంభాషణవిధానము ఆశించినట్లు ఫలింపలేదని దాని నిర్దేశకుడు టాడ్ హోవర్డ్ 2016 లో ఒప్పుకొనెను. బెథెస్డా సంస్థవారు ప్రకటించిన లెక్కల ప్రకారము 'స్కైరిమ్' లో 60,000 పలుకులు, 'ఫాలౌట్ 4' లో 1,11,000 పలుకులు, 2023 నాటి 'స్టార్‌ఫీల్డ్' లో 2,50,000 కు పైగ పలుకులు గలవు. పండ్రెండేండ్లలో రాశి నాలుగింతలైనది. సంభాషణము పేలవమను విమర్శ తగ్గలేదు. 'స్టార్‌ఫీల్డ్' లో నాయకునకు మరల మౌనమే యిచ్చిరి.

ఇదే కాలమున చిన్నసంస్థ యొకటి వేరుమార్గమున సాధించిన విజయమును ఇచ్చట స్మరింపవలెను. ఎస్టోనియాలో జన్మించిన జా/ఊమ్ సంస్థ 2019 లో 'డిస్కో ఎలీసియమ్' క్రీడను వెలువరించెను. రాబర్ట్ కుర్విట్జ్ దీని ప్రధానరచయిత. నాయకుడు మద్యపానముచే జ్ఞాపకశక్తి కోల్పోయిన పోలీసు పరిశోధకుడు. ఇందు యుద్ధములకు ప్రత్యేకవిధానము లేదు; సర్వమును సంభాషణమే. నాయకుని 24 సామర్థ్యములును ఆతని తలలో పాత్రలై పలుకును. ఒకటి యెగద్రోయును, ఒకటి వారించును. వెంటనున్న కిమ్ కిట్సురాగి యను సహాధికారి యెక్కువ మాటలాడడు. కాని నాయకుడు చేసిన ప్రతిపనిని చూచుచుండును; ఆతని మెప్పునకై ఆటగాడు ప్రవర్తన మార్చుకొనును. ఇచ్చటను నాయకుడు ఎవరో నిర్ణయమై యున్నాడు. ఎట్టివా డగునో మాత్రమే ఆటగాని కధీనము. ఇరువది యేండ్ల యంతరముతో వచ్చిన 'టార్మెంట్', 'డిస్కో ఎలీసియమ్' రెండును విస్మృతినే యాశ్రయించుట కాకతాళీయము కాదు. వినువానిని నిర్ణయించుటకు రచయితలకు దొరకిన యుపాయమది.

6. తెలుగువారి దృష్టి

ఈ విషయమును మన భాషవారు ఇతరులకంటె తేలికగ గ్రహింపగలరు. సంస్కృతాలంకారికులు రూపకమున ఎవరెవరిని ఎట్లు సంబోధింపవలెనో విధించియున్నారు. ఒకే రాజును పరిజనులు దేవా యనియు, విదూషకుడు వయస్యా యనియు, సారథి ఆయుష్మంతుడా యనియు పిలుచుదురు. నాట్యశాస్త్రకారుడు దీనిని అలంకారముగ గాక విధిగ జెప్పెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897 లో ప్రకటించిన ప్రతాపరుద్రీయ నాటకమున పాత్రోచితభాషను ప్రయోగించి వాదములకు గురియైరి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున ఒక్కొక్క పాత్ర మాటను బట్టియే గుర్తింపదగి యుండును. గిరీశము వేంకటేశముతో మాటలాడు తీరు వేరు, మధురవాణితో మాటలాడు తీరు వేరు. పాత్రోచితభాష యనగా పలుకువానికి తగిన భాష యని మాత్రమే మనము సాధారణముగ వ్యాఖ్యానింతుము. వినువానికి తగినది యనియు చేర్చుకొనవలెను.

ఆంగ్లమున మధ్యమపురుష సర్వనామ మొక్కటే. రాజునకును, సేవకునకును, బాలునకును నదియే. అందువలన ఎవరి నుద్దేశించినదో నిర్ణయింపకయే ఆంగ్లమున వాక్యము వ్రాయవచ్చును, దోషము కంటబడదు. తెలుగున అట్లు కాదు. నీవనవలెనా, మీరనవలెనా, తామనవలెనా నిర్ణయింపనిదే క్రియాపదము సైతము పూర్తికాదు. ఏమిరా, ఏమే, ఏమోయి, ఏమండీ యను పిలుపులలో వయస్సు, లింగము, చనువు, గౌరవము అన్నియు నిమిడియున్నవి. బయలుదేరువానిని ఎక్కడికని యడుగుట యశుభమని, ఎందాక యని యడుగు నిల్లాలి మాటలో సందర్భము సైతము చేరియున్నది. పైన చెప్పిన వైట్‌రన్ ధనికుని మాటను తెలుగు చేయబూనిన యనువాదకుడు మొదటి పదముననే ఆగిపోవును. ఎదుట నున్నది ఊరికి క్రొత్తవాడా, పదవి నొందిన ప్రముఖుడా? మూలరచయిత దాటవేసిన ప్రశ్నకు అనువాదకుడు సమాధానము చెప్పక తప్పదు. మన వ్యాకరణమే విమర్శకుని పని చేయును.

ఇది కేవలము విద్వచ్చర్చ కాదు. నేడు ఈ దౌర్బల్యమునకు కృత్రిమమేధయే యౌషధమను వాదము బలపడుచున్నది. 2023 మే నెలలో ఎన్విడియా సంస్థవారు తైపే నగరమున ఒక ప్రదర్శనము చేసిరి. అందు ఆటగాడు నోటితో పలుకగా, నూడుల్సు దుకాణదారు పాత్ర అప్పటికప్పుడు కూర్చిన మాటలతో బదులు చెప్పెను. వాక్యములు వ్యాకరణశుద్ధములే, ఆ దుకాణదారునకే చెల్లు మాట మాత్రము వానిలో నాకు కానరాలేదు. 2024 జూలైలో అమెరికాలోని నటుల సంఘమైన శాగ్-ఆఫ్ట్రా వీడియోక్రీడల విషయమున సమ్మె ప్రారంభించెను. కృత్రిమమేధచే నటుల స్వరములను, చలనములను అనుకరించుటపై రక్షణ కోరుట అందు ప్రధానాంశము. 2025 లో ఒడంబడిక కుదిరెను. రచయితల, నటుల జీవనము ఈ నిర్ణయములపై నాధారపడి యున్నది.

మాటలు చాలకపోవుటయే రోగమైనచో, లెక్కలేనన్ని మాటలు కూర్చు యంత్రము తగిన వైద్యమే యగును. కాని 64 కిలోబైట్లలోని డ్రాగన్ రాజు ప్రశ్న నిలిచినది. రెండున్నర లక్షల పలుకులు గల క్రీడ విమర్శకు గురియైనది. ఎలైజాకు జ్ఞానము లేకున్నను, వైద్యునకును రోగికిని గల సంబంధము దానిని కాపాడెను. ఈ చరిత్రయంతయు నొక్కటే చెప్పుచున్నది. పలుకువాడు ఎవరు, వినువాడు ఎవరు, ఆ మాట వలన వారి నడుమ నేమి మారును అను మూడు ప్రశ్నలకు ముందుగ సమాధానము నిర్ణయించుకొనిన చోట, అల్పసాధనములతోనైనను సంభాషణము పండినది. ఆ నిర్ణయము చేయవలసినవాడు రచయిత. దానిని యంత్రమునకు వదలివేసినచో పేలవమైన మాటలు తగ్గుటకు మారుగ, అంతులేకుండ పెరుగును.

మన విద్యార్థులలో ఇట్టి క్రీడలకు తెలుగున రచన చేయబూనువారు రేపు తప్పక బయలుదేరుదురు. వారికి చిత్రకళయు, గణితమును ఇతరశాఖలు నేర్పును. ఒక పాత్ర వేరొక పాత్రను ఏమని పిలువవలెను, ఏల అట్లే పిలువవలెను అను విచారమును నేర్పవలసిన బాధ్యత తెలుగుశాఖలదే. నాటకలక్షణమును, సంబోధనవిధానమును పాఠ్యాంశములుగ బోధించు నధ్యాపకులు ఈ నూతనప్రక్రియ నుండియు నుదాహరణములు గ్రహించినచో, ఆ ప్రాచీనశాస్త్రము విద్యార్థులకు మరింత సన్నిహితమగునని నా విశ్వాసము.